నలభై వేల ఆటలు

1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసే పని పడితే, వేటపాలెంలో నా మకాం వరసకు అన్నయ్య అయ్యే ఆయన ఇంట్లోనే. ఇంటి వెనకాలే ఆయన జీడిపప్పు షెడ్డు. కొడుకు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. సెలవులకు వచ్చి పగలు షెడ్డు లెక్కలు చూస్తాడు, రాత్రిళ్లు చదరంగం. వాడు ఆడడు; ఆడే ప్రోగ్రాం రాశాడు.

ఆ శనివారం సాయంత్రం షెడ్డులోనే కూర్చున్నాం. ఓ మూల బల్ల మీద వాడి కంప్యూటర్ హోరుమంటోంది. తెర మీద పావులు రెప్ప వేసేలోగా చోటు మారుతున్నాయి. ఒక ఆట ముగియగానే ఇంకోటి. పక్కనే పొడుగాటి బల్ల దగ్గర ట్యూబులైటు కింద ఆడవాళ్లు పప్పు ఏరుతున్నారు. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, నూక ఇంకోవైపు. గుండులో మళ్లీ పౌనుకు 320 తూగేది వేరే కుప్ప. వేళ్లు వాటి పాటికవి పోతున్నాయి, చెవులు మా మాటల మీద ఉన్నాయి.

"ఎవరితో ఎవరు ఆడుతున్నార్రా?" అన్నాను.

"పాత ప్రోగ్రాం, కొత్త ప్రోగ్రాం, బాబాయ్. ఒక్క లైను మార్చాను. రాజు ముందున్న బంటు కదిలితే కోసే మార్కులు కాస్త పెంచాను. దాంతో ఆట మెరుగైందో చెడిందో తేలాలిగా."

"బుధవారం నుంచీ ఇదే వరస," అన్నాడు అన్నయ్య. "కరెంటు బిల్లు నేను కట్టాలి. మన గుంటూరు హరికృష్ణ లాంటి గ్రాండ్‌మాస్టర్‌తో ఒక్క ఆట ఆడిస్తే తేలిపోదూ?"

"ఒక్క ఆటతో ఏం తేలుతుంది నాన్నా! 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని మూడున్నర, రెండున్నరతో ఓడించింది. లోకమంతా గగ్గోలెత్తింది గానీ, ఆరు ఆటలు చూసి ఎవరు గొప్పో చెప్పమంటే లెక్క తెలిసినవాడు చెప్పడు. 100 ఆటల్లో 55 పాయింట్లు తెచ్చుకున్నా నమ్మడానికి లేదు. నాణెం వందసార్లు ఎగరేస్తే 55 బొమ్మలు పడటం వింతా?"

"మరెన్ని ఆడాలి?"

"తేడాను బట్టి. ఆట బలాన్ని కొలిచే ఎలో రేటింగులో 2 పాయింట్లు పెరగడమంటే 1000 ఆటల్లో సగం కంటే 3 పాయింట్లు ఎక్కువ రావడం, అంతే. అంత చిన్న తేడా పట్టుకోవాలంటే వేలల్లో ఆడించాల్సిందే. స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాం రాసేవాళ్లు 2013 నుంచీ చేస్తున్నది ఇదే. ఎక్కడెక్కడి వాళ్లో తమ కంప్యూటర్లు అరువిస్తారు. ముందు ఒక్కో పక్షానికి 10 సెకన్లు, ఎత్తుకి ఇంకో పదోవంతు సెకను. అందులో నెగ్గిన మార్పుకి నిమిషం గడువుతో మళ్లీ పరీక్ష. ఏ ఆరంభమైనా రెండుసార్లు ఆడిస్తారు, తెల్లతో ఒకసారి, నల్లతో ఒకసారి. పాపం, దేనికీ అన్యాయం జరక్కూడదు కదా!"

"ఇక చాలు అని ఎలా తెలుస్తుంది?"

వాడికి హుషారొచ్చింది. "అదే అసలు తమాషా, బాబాయ్. ఆ లెక్క చదరంగం కోసం పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అబ్రహాం వాల్డ్ అనే ఆయన అమెరికాలో కట్టాడు, ఫ్యాక్టరీల నుంచి వచ్చే యుద్ధ సామగ్రి తనిఖీ చేయడానికి. లాటులోంచి కొన్ని తీసి చూడు. మంచిదని తేలితే తీసుకో, చెడ్డదని తేలితే తిప్పి పంపు. ఎటూ తేలకపోతే తొందరపడకు, ఇంకొన్ని చూడు. ఆయనే 1950లో ఉపన్యాసాలివ్వడానికి మన దేశం వచ్చి, నీలగిరి కొండల్లో విమానం కూలి చనిపోయాడు."

"అంటే సరుకు పరీక్షే," అన్నాడు అన్నయ్య. తనకు తెలిసిన దారిలోకి వచ్చేసరికి కరెంటు బిల్లు సంగతి మరిచాడు. "ఇప్పటికి ఎన్నయ్యాయి?"

"ముప్ఫై వేలు దాటాయి. నలభై వేలకి తేలొచ్చు."

ఆరైంది. కూలి లెక్కల వేళ. పుస్తకం తీసుకుని వాడు కాటా దగ్గరికి వెళ్లాడు. మొదటి ఆవిడ తన టిన్ను తెచ్చి పెట్టింది. వాడు చెయ్యి లోపలికి పోనిచ్చి గుప్పెడు పప్పు తీశాడు, అరచేతిలో పరిచి లైటు కింద చూశాడు. మూడు బద్దలు.

"ఏంటమ్మా ఇది? గుండు టిన్నులో బద్దలా? ఇదంతా రెండో రకం రేటే," అంటూ పుస్తకంలో రాసేసుకున్నాడు.

ఆవిడ ఏమీ అనలేదు. ఇచ్చిన డబ్బు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. వెళ్తూ వెళ్తూ కంప్యూటర్ దగ్గర ఆగింది.

"చిన్నబాబూ, మీ ఆట ఇంకా తేలలేదా?"

"లేదమ్మా. ఇంకో పదివేలు ఆడాలి."

"ఆడనీయండి బాబూ, మర కదా, దానికి అన్యాయం జరక్కూడదు. మాకైతే గుప్పెడు చాలు."