అయిదో కాంటూరు కింద అభివృద్ధి

కొల్లేరు సరస్సులో సర్కారు ఖర్చు అర్థం కావాలంటే ముందు కాంటూరు అర్థం కావాలి. సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తున ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసే గీతే కాంటూరు. ఇది కాగితం మీద మాత్రమే కనిపిస్తుంది. నేల మీద కనిపించేవి గట్లు, గట్ల మధ్య నీళ్లు, నీళ్లలో ఏ శాఖ కిందికి వస్తుందో తేలని చేప. ప్లస్ అయిదు కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో 120వ నంబరు జీవోతో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అరణ్యమన్నారు గానీ అందులో అడవి లేదు. నీళ్లున్నాయి, నీళ్లలో లంకలున్నాయి, లంకల మీద మనుషులున్నారు. 2002లో సరస్సు రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. చాలా లంకలకు తారురోడ్డు కన్నా అంతర్జాతీయ గుర్తింపే ముందు చేరింది.

సరస్సు గర్భంలో ఉన్న 46 ఊళ్లను బెడ్ గ్రామాలనీ, అంచున ఉన్న 76 ఊళ్లను బెల్ట్ గ్రామాలనీ అంటారు. ఈ రెండు మాటలూ పాలకులు పెట్టినవి. ఊళ్లో వాళ్లు ఊరిని ఊరనే అంటారు. తణుకులో బయలుదేరిన కారు పదహారో నంబరు జాతీయ రహదారి మీద తాడేపల్లిగూడెం దాటి ఏలూరు చేరేదాకా ప్రయాణికుడికి ప్రభుత్వం గుర్తుకే రాదు, టోలు కట్టేటప్పుడు తప్ప. ఏలూరు దాటి కైకలూరు దారి పట్టాక అడుగడుగునా గుర్తొస్తుంది.

ఈ ప్రాంతంలో ప్రభుత్వ పెట్టుబడిని రెండు యుగాలుగా విభజించవచ్చు: తవ్వకం యుగం, పూడ్చివేత యుగం. మొదటిది జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న 1970లలో మొదలైంది. వరదలకు పంట నిలవని లంకల్లో పేద మత్స్యకారులకు బతుకుతెరువు చూపాలని సహకార సంఘాలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. ఆలోచన మంచిదే. ఎంత మంచిదంటే, సంఘంలో లేనివాళ్లకు, మత్స్యకారులు కానివాళ్లకు, లంకల్లో కాపురం లేనివాళ్లకు కూడా అది నచ్చింది. కొన్నేళ్లకు సంఘం పేరు పేదవాడిదీ, చెరువు లీజు పెద్దవాడిదీ అయింది.

రెండో యుగం 2006లో వచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు ‘ఆపరేషన్ కొల్లేరు’ చేపట్టింది. ప్రొక్లెయిన్లు వచ్చి గట్లు తెంపాయి. గట్టు వేయించినదీ తెంపించినదీ ఒకే ఖజానా కాబట్టి లెక్కల్లో ఎక్కడా తేడా రాలేదు. రెండేళ్లకు, 2008లో, అదే ప్రభుత్వ హయాంలో శాసనసభ అభయారణ్యాన్ని అయిదు నుంచి మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. దాని మీద కేంద్రం అజీజ్ కమిటీని వేసింది, కమిటీ కుదించవద్దంది. ఈలోగా తెగిన గట్లు చాలావరకు ఎవరి తీర్మానమూ లేకుండానే అతుక్కున్నాయి. 2025లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ మళ్లీ సరస్సు చూడటానికి వచ్చింది. సరస్సు నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేరును వెడల్పు చేయాలని 1960లలో చెప్పిన మిత్రా కమిటీ దగ్గర్నుంచి లెక్కపెడితే, ‘కొల్లేటి చాంతాడు’ అన్న నానుడి తెలుగులో ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక రోడ్లు. లంకలో రోడ్డు రెండు రకాలు: ఊరి లోపలిది, ఊరి బయటిది. ఊరి లోపలిది సిమెంటు రోడ్డు. ఉపాధి హామీ నిధుల్లో కూలికి 60, సామగ్రికి 40 పాళ్లు ఉండాలి, సిమెంటు ఆ నలభైలోంచి వస్తుంది. అంటే మట్టి పని జరిగిన కొద్దీ సిమెంటు పుడుతుంది. అభయారణ్యంలో మట్టి తవ్వాలంటే మాత్రం అటవీ శాఖను అడగాలి. ఊరి బయటి రోడ్డు గతీ అంతే: పంచాయతీరాజ్ శాఖ వేయాలి, అటవీ శాఖ ఒప్పుకోవాలి, జలవనరుల శాఖ అడ్డుచెప్పకూడదు. మూడో శాఖ అభ్యంతరంలో న్యాయముంది. నీళ్లలో వేసిన ప్రతి రోడ్డూ ఒక ఆనకట్టే. కాబట్టి సిమెంటు రోడ్డు ఊరి చివర హఠాత్తుగా ఆగుతుంది. ఆగిన చోట తాటిదోనె ఉంటుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ భక్తులు ఏళ్ల తరబడి సర్కారు కాలువను పంటు మీద దాటారు. కాలువ పేరులోనే సర్కారు ఉండగా మళ్లీ వంతెన కూడా ఎందుకనుకున్నారేమో.

భవనాల సంగతికొస్తే, వాటికి తలుపులకన్నా రంగు ముఖ్యం. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలైనప్పుడు సుమారు రెండు వేల జనాభాకు ఒకటి లెక్క వేశారు. అంత జనం లేని లంకను పక్క లంకతో కలిపారు. పటంలో పక్కనే. మధ్యలో కాలువ ఉంటే అది పటం తప్పు కాదు. పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేశారని హైకోర్టు తప్పుపడితే, ప్రభుత్వం 623వ నంబరు జీవో ఇచ్చి మట్టిరంగు పట్టీ ఒకటి చేర్చింది. మట్టిరంగు నేలకు, ఆకుపచ్చ పంటకు, తెలుపు పాడికి, నీలం ఆక్వా సాగుకు గుర్తులని వివరణ ఇచ్చింది. కొల్లేటి అభయారణ్యంలో ఆక్వా సాగు నేరం. అక్కడ పంచాయతీ గోడ మీద మాత్రం దానికి సర్కారు గౌరవం దక్కేది. 2020 మేలో హైకోర్టు ఆ జీవోనూ కొట్టేసింది, జూన్‌లో ఆ తీర్పును సుప్రీంకోర్టు సమర్థించింది. రంగు వేసిన ఖర్చు, తుడిచిన ఖర్చు, మళ్లీ వేసిన ఖర్చు అన్నీ అభివృద్ధి పద్దులోనే పడ్డాయి. చెరువుల్లో నేర్చిన పాఠం గోడలకూ పనికొచ్చిందన్నమాట.

పంచాయతీకి వచ్చే డబ్బుల్లో ఆర్థిక సంఘం నిధి ఒకటి. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాల మధ్య స్థానిక సంస్థల గ్రాంట్లను పంచేటప్పుడు జనాభాకు 90 పాళ్లు, విస్తీర్ణానికి 10 పాళ్లు తూకం పెట్టింది. ఆ తూకంలో నీళ్లకు, పక్షులకు చోటు లేదు. ఆటపాక గూడబాతులకు ఓటుంటే సరస్సు రాజకీయం వేరేగా ఉండేది. వచ్చిన ఆ కాస్తలోంచీ కరెంటు బకాయిలు మినహాయించారని రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కారు. రోడ్డు లేని సర్పంచుకు ఆ సౌకర్యం కూడా లేదు.

తాగునీటి విషయం చిన్నది. చుట్టూ నీళ్లున్న లంకలో తాగే నీళ్లు క్యానుల్లో కొనుక్కుంటారు. వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రం పోటు లోపలికొచ్చి ఉప్పు తెస్తుంది. దాన్ని ఆపే రెగ్యులేటర్ల మాట దశాబ్దాలుగా వినిపిస్తోంది. మూడింటికి 2021లో పరిపాలనా అనుమతి వచ్చింది. ఉప్పుకు అనుమతి అక్కర్లేదు.

చివరిగా నిర్వహణ. పెదఎడ్లగాడి వంతెనకు 56 ఖానాలు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లు వాటి గుండానే ఉప్పుటేరు వైపు నడవాలి. ఖానాలకు అడ్డం పడేది గుర్రపుడెక్క, కిక్కిస. ఎండాకాలంలో తీస్తే చౌక, కానీ అప్పుడు చూడటానికి ఎవరూ రారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి దగ్గర మునిగింది, రాకపోకలు ఆగాయి, లంకలు లంకలయ్యాయి. ఇలాంటప్పుడే ప్రొక్లెయిన్ వస్తుంది. గట్లు తెంపిన జాతిదే గనక దానికి దారి చూపక్కర్లేదు. వంతెన మీద నిలబడి గుర్రపుడెక్కను ఎత్తి పక్కన పోస్తుంది, నాయకులు పరిశీలిస్తారు, ఫొటోలో అందరూ వేలు నీళ్ల వైపు చూపిస్తూ ఉంటారు. నీళ్లు తీశాక రోడ్డు మరమ్మతుకు అంచనా తయారవుతుంది. ఈసారి మునగకుండా రోడ్డు ఎత్తు పెంచాలని అందులో రాస్తారు. పెదఎడ్లగాడి ఖానాలు మాత్రం అవే 56.