సగటుగారు

గోదావరి జిల్లాల్లో ఏ ఊరెళ్లినా ఒక సగటుగారు తగులుతారు. మామూలప్పుడు ఆయన్ని గుర్తుపట్టలేం. నలుగురిలో నలుగురిలాగే ఉంటారు, కరెంటు బిల్లు కడతారు, కాలవలో నీళ్లు వదిలారో లేదో కనుక్కుంటారు. మ్యాచ్ నడుస్తుండగా చూడాలి. సిక్సర్ పడి టీకొట్టు మొత్తం లేచి నిలబడి గోలగోల చేస్తుంటే, బల్ల మీంచి కదలకుండా పెన్ను క్యాపు పళ్ల మధ్య పెట్టుకుని పుస్తకంలో ఏదో ఎక్కించుకునే మనిషి ఉంటారే, ఆయనే.

మా రాజమండ్రి సగటుగారు మండపేట వైపు ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేసి మానేశారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. మిగతా అందరికీ సగటుగారే.

"మీది ఏ టీమండి?" అని కొత్తవాళ్లెవరైనా అడిగితే ఆయనకి జాలేస్తుంది. "నాదాండి? గుజరాత్ ఓపెనరు, ముంబయి స్పీడు బౌలరు, పంజాబు కెప్టెను, రాజస్థాన్ కుర్రాడు..." అని చెప్పుకుంటూ పోతారు. ఐపీఎల్ మొదలవడానికి ముందొచ్చే ఆదివారం ఒక మేడ మీద ఎనిమిదిమంది చాప పరుచుకుని కూర్చుంటారు. జెడ్డాలో అసలు వేలం జరిగినప్పుడు ఒక్కో జట్టుకీ 120 కోట్లిచ్చారు గనక వీళ్లూ ఒక్కొక్కరూ కాగితం మీద 120 కోట్లు రాసుకుంటారు. పాట మొదలవుతుంది. చేపల చెరువులూ దేవుడి మాన్యాలూ పాడుకున్న నోళ్లు కదా, కుర్రాళ్లని పాడుకోవడం ఎంతసేపు. "బుమ్రా, ఒకటోసారి... రెండోసారి..." అని సగటుగారే గొంతెత్తుతారు. గెలిచినవాడికి మిగతా ఏడుగురూ కలిసి తాపేశ్వరం మడత కాజా డబ్బా కొనిపెడతారు. డబ్బు పందెం లేదు.

ఆ పుస్తకాన్నొకసారి చూడాలి. స్కూలు పిల్లల నోటుబుక్కు కాదు. పొడుగాటిది, ఎర్రగుడ్డ అట్టది, మిల్లుల్లో చిట్టా రాసుకునే రకం. ముందు సగం చిట్టా: ఏ రోజు ఎవరెన్ని కొట్టారు, ఎన్ని ఇచ్చుకున్నారు. వెనక సగం ఆవర్జా: ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ, ఎడమన జమ, కుడిన ఖర్చు, అడుగున నిల్వ. రెండు మ్యాచుల్లో సున్నా చుట్టినవాడి పేజీ పైన పెన్సిలుతో 'రానిబాకీ' అని ఉంటుంది. పెన్సిలెందుకంటే రేపు కొడితే చెరిపెయ్యొచ్చు.

బౌలర్లకి వేరే పద్ధతి. ఓవరుకి పరుగులు 11.75 దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 దాటితే రెండోది. 17.75 దాటితే మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అడుగుల్లో ఉండే అంకెలివి, యథాతథంగా దించేశారు. మూడో హెచ్చరిక పడ్డ బౌలరు పేజీ పక్కన 'లంకలు ఖాళీ' అని రాస్తారు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని మించిన గణాంక శాస్త్రజ్ఞుడు దేశంలో లేడని నా నమ్మకం. ఎకానమీ రేటంటే ఏమిటో ఎంత చెప్పినా ఎక్కని మా మేనత్తకి కూడా 'రెండో హెచ్చరిక దాటాడత్తా' అంటే చప్పున అర్థమైపోయింది.

ఇక అసలు విద్య, పోల్చడం. మిల్లులో క్వింటా ధాన్యం ఆడిస్తే ఎంత దిగాలన్నదానికి సర్కారు లెక్కొకటుంది: పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. సగటుగారి దృష్టిలో ఆటగాడైనా అంతే, పోసిందెంత, దిగిందెంత. 2025 సీజను అయ్యాక ఆయన చేసిన దిగుబడి లెక్క ఇప్పటికీ నోటికి చెబుతారు. సాయి సుదర్శన్‌ని గుజరాత్ ఎనిమిదిన్నర కోట్లకి అట్టేపెట్టుకుంటే 759 పరుగులిచ్చాడు, పరుగు లక్షా 12 వేలకి పడింది. వెంకటేశ్ అయ్యర్‌కి కోల్‌కతా 23.75 కోట్లు పోస్తే 142 దిగాయి, పరుగు పదహారు లక్షల డెబ్భై వేల పైమాట. వైభవ్ సూర్యవంశీ, పధ్నాలుగేళ్ల పిల్లాడు, కోటీ పది లక్షలకి 252 కొట్టాడు, అందులో 35 బంతుల సెంచరీ ఒకటి. పరుగు నలభై నాలుగు వేలకే. "పిల్లాడు కాదండి బాబూ, ఇది రేషన్ షాపు రేటు" అని మురిసిపోతారు.

వినడానికి ఎంత నిక్కచ్చిగా ఉందో చూశారా. నేనూ కొన్నాళ్లు ఇది లెక్కే అనుకున్నాను. తర్వాత తెలిసిందేమంటే, ఆయన కూడికలో ఏనాడూ తప్పులేదు. ఏం కూడాలో, ఏం మానాలో మాత్రం ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఆయన పాడుకున్నవాడు ఆడకపోతే, "ఆ నాలుగు మ్యాచులూ తీసేసి చూడండి" అంటారు. పక్కవాడు పాడుకున్నవాడు సెంచరీ కొడితే, "ఆ ఒక్కటీ తీసేసి చూడండి" అంటారు. తనవాడు వరసగా డకౌటైతే పవర్‌ప్లే తీసేస్తారు, ఎడమచేతి స్పిన్ తీసేస్తారు, ఎర్రమట్టి పిచ్ తీసేస్తారు, రాత్రి మంచు తీసేస్తారు. ఇన్ని తీసేశాక మిగిలిన పదకొండు బంతుల్లో వాడు బ్రాడ్‌మన్.

పంత్ వ్యవహారం చెప్పాలి. లక్నో వాళ్లు 27 కోట్లకి కొన్నారు, ఐపీఎల్ వేలంలో అప్పటికి అదే రికార్డు. మేడ మీద పాటలో సగటుగారే ఎగబడి పాడుకున్నారు. పదమూడు మ్యాచులైపోయేసరికి పంత్ బ్యాట్ నుంచి మొత్తం వచ్చినవి 151. అంటే పరుగు పదిహేడు లక్షల ఎనభై ఎనిమిది వేలు. అన్నాళ్లూ ఆయన తీసెయ్యని వస్తువు లేదు, చివరికి వికెట్ కీపింగ్ తీసేశారు, కెప్టెన్సీ తీసేశారు. ఆఖరి మ్యాచికి ముందురోజు విసుగొచ్చి పంత్‌నే తీసేశారు. టీకొట్టు కుర్రాడికి ఒక అనామక స్పిన్నర్‌కి బదులుగా మారకం వేసి, ఆవర్జాలో 'రానిబాకీ' మీద సిరాతో దిద్దారు.

మర్నాడు, మే 27న, బెంగళూరు మీద పంత్ 118, నాటౌట్. పల్టీ కొట్టి మరీ పండగ చేసుకున్నాడు. పరుగు ధర ఒక్క సాయంత్రంలో పది లక్షల చిల్లరకి పడిపోయింది. టీకొట్టు కుర్రాడు గ్లాసులు కడగడం మానేసి డాన్సు చేశాడు. సగటుగారు మర్నాడు పొద్దున్నే కోటగుమ్మం సెంటర్లో రోజ్‌మిల్క్ తాగుతూ కనిపించారు. పలకరిస్తే చల్లగా చెప్పారు: "ఆ మ్యాచ్ లక్నో ఓడిందిగాండి. ఓడిన మ్యాచిలో పరుగులు బియ్యం కాదండి, నూక."

ఆయనకి ఒకే ఒక శత్రువు ఉన్నాడు, భీమవరం నుంచి ఇక్కడికి ఇల్లరికం వచ్చిన అల్లుడు. అతనికి అంకెల మీద నమ్మకం లేదు, కుక్కుట శాస్త్రం మీద ఉంది. ఏ వారం ఏ రంగు కోడి గెలుస్తుందో శాస్త్రం చెబుతుంది కదా, అదే జెర్సీలకి వర్తింపజేస్తాడు. డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ పది జట్లకీ పేర్లు పెట్టాడు. ఎరుపూ నలుపూ కలిసిన బెంగళూరు అతనికి కాకిడేగ. పాట రోజున ఆటగాడి సగటు అడగడు. "ఆడు ఏ రంగండి?" అంటాడు. సగటుగారికి ఆ మాట వింటే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది.

2025 ఫైనలుకి ముందు ఇద్దరికీ గట్టి తగాదా. పదిహేడు సీజన్లు, ఒక్క కప్పు లేదు, ఇది గణాంకమండి, దీన్ని కాదంటే ఇంకేం మాట్లాడతాం, అని సగటుగారు. జూన్ 3న అహ్మదాబాదులో పంజాబు మీద ఆరు పరుగుల తేడాతో కాకిడేగ గెలిచింది. అల్లుడు ఏ హడావుడీ చెయ్యలేదు. నింపాదిగా చాప మీదికొచ్చి కూర్చుని, "ఆ పదిహేడేళ్లూ తీసేసి చూడండి మావయ్యగారూ" అన్నాడు. ఎటకారం మావైపు ఉచితంగా దొరుకుతుంది.

ఇవన్నీ వింటే సగటుగారు వట్టి మొండిమనిషి అనిపిస్తుంది. ఒకటి రెండుసార్లు మాత్రం ఆయన సూత్రం వంగడం జనం చూశారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు. టెస్టులకీ వీళ్లు పాట పెట్టుకున్నారు అప్పట్లో. సగటుగారి నియమం ప్రకారం నూరు బంతులకి ముప్ఫై లోపు పరుగులైతే మార్కులు కోత. హనుమ విహారి తొడ కండరం పట్టేసి, పరిగెత్తలేక, 161 బంతులాడి 23 పరుగులు చేశాడు. అవతల అశ్విన్ 128 బంతుల్లో 39. ఇద్దరూ కలిసి టెస్టు కాపాడేశారు. చిట్టాలో మాత్రం విహారికి మైనస్ పడింది.

విహారి పుట్టింది కాకినాడ. ఆ సాయంత్రం కాకినాడ నుంచి వచ్చిన బంధువొకాయన పుస్తకం తిరగేసి, "మావాడికి మైనస్సా! మీది పుస్తకమా, వడ్డీ వ్యాపారమా?" అని పట్టుకున్నాడు. సగటుగారు తీసేసి చూద్దామంటే తీసెయ్యడానికి అందులో ఏమీ లేదు. అన్నీ నిలబడ్డ బంతులే. అన్నం చల్లారిపోతోందని లోపలినుంచి రెండుసార్లు పిలుపొచ్చినా లేవలేదు. చివరికి స్కేలు తీసుకుని పేజీ అంచున కొత్త గడి గీశారు. దాని పేరు 'గట్టు'. ఓడిపోవలసిన ఆటలో కాచుకున్న ప్రతి బంతికీ ఒక మార్కు. ఆ గడిలో మొదటి అంకె 161. రెండేళ్ల తర్వాత ఇండోరులో రంజీ క్వార్టర్ ఫైనల్లో అదే విహారి మణికట్టు విరిగితే ఎడమచేతి వాటంగా తిరిగి ఒంటిచేత్తో ఆడాడు. అదీ అక్కడే ఎక్కింది. మొత్తం పుస్తకంలో నాకు నచ్చే గడి అదొక్కటే. అది దాదాపు ఖాళీగా ఉంటుంది.

సి.కె. నాయుడు సంగతి కూడా అంతే. పాతవాళ్లందరినీ కలిపి ఒకసారి పాట పెడితే ఆయనకి ఎవరూ చెయ్యెత్తలేదు. ఏడు టెస్టులు, 350 పరుగులు, సరిగ్గా 25 సగటు. ఆ సగటుకి ఇవాళ ఎవరిస్తారు డబ్బు? సగటుగారు ఖజానాలో మిగిలిందంతా పెట్టి పాడేసుకున్నారు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. మీద పదకొండు సిక్సర్లతో 153 కొట్టిన ఇన్నింగ్స్ ఉంది కదా, అది టెస్టు కాదు గనక సగటులోకి రాదు. "ఆ ఒక్కటీ కలిపి చూడండి" అన్నారు. కలపమని ఆయన నోట రావడం అదే మొదలు.

ఈ కాగితం జట్ల ఆటకి అమెరికాలో మూలపురుషుడొకాయన ఉన్నాడు. డేనియల్ ఓక్రెంట్, 1980లో, బేస్‌బాల్‌కి. స్నేహితులతో కలిసి న్యూయార్కులో ఒక రోటిసరీ హోటల్లో భోంచేస్తూ మొదలెట్టారు కాబట్టి ఆటకి ఆ పేరే పడింది. కనిపెట్టినాయన తన సొంత లీగులో ఎప్పుడూ గెలవలేదని చెబుతారు. ఈ ముక్క చెబితే సగటుగారు మొదటిసారిగా అమెరికా మీద గౌరవం చూపించారు. "సూత్రం రాసినోడికి కాజాలెందుకండి" అన్నారు. ఆయనా ఇప్పటిదాకా కాజా డబ్బా అందుకున్న పాపాన పోలేదు.

ఫోన్లలో డబ్బు పెట్టి ఆడే ఆటలని మన రాష్ట్రం 2020లోనే ఆపేసింది, 2025 ఆగస్టులో దేశమంతా ఆపేశారు. యాప్‌ల మీద బతికిన కుర్రాళ్లు దిగాలుపడి సగటుగారి మేడ ఎక్కారు. ఆయన మెట్ల దగ్గరే ఒక ప్రశ్న వేస్తారు: చిట్టాకీ ఆవర్జాకీ తేడా చెప్పగలవా అని. చెప్పలేనివాడికి చాప మీద చోటు లేదు.

అయితే మనిషి అసలు రూపం బయటపడింది హాకీలో. 2024 అక్టోబరులో హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలవుతూ వేలం పెట్టింది. జట్టుకి నాలుగు కోట్లు. ఎనిమిది జట్లలో మన పేరున రెండు: హైదరాబాద్ తూఫాన్స్, విశాఖ తరపున టీమ్ గోనాసిక. ఆటలన్నీ రూర్కెలా, రాంచీల్లోనే అయినా సగటుగారు ఊగిపోయారు. మేడ మీద హాకీ పాటని చాటించారు. ఒక్కడూ రాలేదు. హాకీ అంటే తెలిసిన పెద్దమనిషొకాయన ఉన్నారు గానీ ఆయనకి మోకాళ్లు, మేడ ఎక్కలేరు.

వాయిదా వెయ్యలేదు. ఎనిమిది జట్లకీ ఎనిమిది పేజీలు తీసి, చాప మీద ఒక్కరే కూర్చుని, ఎనిమిదిమంది తరపునా తనే పాడారు. గొంతు మారుస్తూ పాడారని కింద అద్దెకున్నవాళ్లు చెప్పారు. అందులో మొదటి పేజీ తన సొంత జట్టు, మిగతావి ప్రత్యర్థులు. జర్మనీ పెనాల్టీ కార్నర్ మొనగాడు పెయాట్‌ని అసలు హైదరాబాద్ 68 లక్షలకి కొంటే, ఈయన మొదటి పేజీకి 70కి పాడుకున్నారు. ఆరో పేజీవాడు హర్మన్‌ప్రీత్‌ని తన్నుకుపోయాడు, అసలు వేలంలో పలికిన 78 లక్షలకే.

ఫిబ్రవరి ఒకటిన ఫైనల్ అయింది. జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ కొట్టాడు, బెంగాల్ 4, హైదరాబాద్ 3. అది బయటి సంగతి. పుస్తకంలో తుది నిల్వలు తేల్చితే మొదటి పేజీ రెండోస్థానంలో ఆగింది. గెలిచింది ఆరో పేజీ.

వారం రోజులు మనిషి ముభావంగా ఉన్నారు. ఆరో పేజీవాడికి అన్నీ కలిసొచ్చాయనీ, వాడి కార్నర్లు తీసేసి చూస్తే ఏమీ లేదనీ కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నారు. నేను ఉండబట్టలేక, "ఎనిమిది జట్లూ మీవేగా సగటుగారూ, ఎవరు గెలిస్తే ఏంటండి?" అన్నాను.

"ఆయ్, అదేనండి బాధ" అన్నారు. "వాడి ఖజానాలో ఇంకా పన్నెండు లక్షలే ఉన్నాయని నాకు తెలుసండి. ఇంకో పదమూడు లక్షలు పైకి లాగుంటే వాడు చెయ్యెత్తేవాడు కాదు. తెలిసీ ఎందుకు వదిలేశానో... వాడి మొహం చూసి జాలిపడ్డానండి బాబూ."