ప్రాక్టీస్ మ్యాచ్ తర్వాత పంచాయితీ

సంక్రాంతి పోటీలకు ముందు రెండూళ్ల కబడ్డీ జట్లు కప్పు, ప్రైజు మనీ, ఎంట్రీ ఫీజు ఏవీ లేకుండా ఆడుకునే ఆటను ప్రాక్టీస్ మ్యాచ్ అంటారు. ఆ ఫలితం ఏ పుస్తకానికీ ఎక్కదు, ఏ జట్టునూ పోటీ నుంచి బయటికి పంపదు. అయినా ఆట నలభై నిమిషాల్లో ముగిస్తే, దాని మీద పంచాయితీ భోగి మంట వేసే దాకా నడుస్తుంది. ఈ వ్యాసానికి ఆటతో పని తక్కువ, పంచాయితీతో ఎక్కువ.

ఇలాంటి మ్యాచ్‌ను పరిశీలించడానికి అనకాపల్లి జిల్లా దేవరాపల్లి పరిసరాలు బాగా అనుకూలం. 2022 ఏప్రిల్ దాకా ఇది విశాఖపట్నం జిల్లా. జిల్లా మారినా అభిమానుల అంచనాలు మారలేదు. రైవాడ జలాశయం నీళ్లు, శారదా నది, వరి, చెరకు, దూరంగా కొండలు, ఇదీ ఇక్కడి నైసర్గిక స్వరూపం. జనవరి నాటికి వరి కోతలు అయిపోయి మళ్లు ఖాళీగా ఉంటాయి, చెరకు మాత్రం ఇంకా కొడుతూనే ఉంటారు. ఖాళీ మడిలో మోళ్లు పీకి, నేల చదును చేసి, నీళ్లు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీస్తే కోర్టు తయారు. మగవాళ్ల కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు ఉండాలని నిబంధన. మడిలో దాన్ని అడుగులతో కొలుస్తారు. కొలిచేవాడు పొడగరి అయితే కోర్టు పెద్దది, పొట్టివాడైతే చిన్నది. ఏ ఊరి మనిషి కొలిచాడన్నది మ్యాచ్ తర్వాత పనికొచ్చే మొదటి పాయింటు.

రెండో పాయింటు బోనస్ గీత. అవతలి వైపు ఆరుగురైనా ఉన్నప్పుడు కూతకెళ్లినవాడు ఒక కాలు ఆ గీత దాటించి, రెండో కాలు గాల్లో ఉంచితే ఒక పాయింటు. నిబంధన ఇంత తేటగా ఉంటుంది, మడి అంత తేటగా ఉండదు. పద్నాలుగు జతల కాళ్లు పది నిమిషాలు తొక్కేసరికి ముగ్గు మట్టిలో కలిసిపోతుంది. ఆ తర్వాత బోనస్ గీత జ్ఞాపకాల్లోనే ఉంటుంది, ఒక్కొక్కరి జ్ఞాపకంలో ఒక్కొక్క చోట ఉంటుంది. ఈల పట్టుకున్న డ్రిల్లు మాస్టారు వేలు చూపించిన చోటే గీత. రెండూళ్ల పిల్లలకూ ఆయనే పాఠాలు చెబుతాడు కాబట్టి ఆయన్ని ఎవరూ ఎదురుగా తిట్టరు. ఆ బాకీ ఇంటికెళ్లాక తీర్చుకుంటారు.

ఇక జట్టు. కబడ్డీకి కోర్టులో ఏడుగురు కావాలి. ఆ ఏడుగురూ ప్రాక్టీస్ మ్యాచ్‌కు ఒక్కచోట దొరకరు. మంచి కార్నర్ ఆడేవాడు పరవాడ ఫార్మా కంపెనీలో, కవర్ వాడు అచ్యుతాపురంలో, బాగా కూతకెళ్లేవాడు గాజువాకలో షిఫ్టుల్లో ఉంటారు. సెలవు పండక్కే గానీ ప్రాక్టీసుకు ఇవ్వరు. అందువల్ల ప్రాక్టీస్ మ్యాచ్ ఆడే ఏడుగురిలో నలుగురు జట్టువాళ్లు, ఇద్దరు వాళ్ల తమ్ముళ్లు, ఒకడు చూడ్డానికి వచ్చి లుంగీ విప్పి నిక్కరుతో దిగినవాడు. ఎదుటి ఊరి పరిస్థితీ ఇదే. అంటే పండగనాడు తలపడబోయే రెండు జట్లూ ఈ మ్యాచ్‌లో ఆడవు. ఈ సంగతి తెలియనివాడు ఊళ్లో ఒక్కడూ లేడు. తెలిసి కూడా జట్టు బలాబలాలను ఈ మ్యాచ్‌తోనే తూచడం అభిమాని ప్రత్యేకత. పెళ్లిచూపుల్లో చూపించేది అసలు సంసారం కాదని రెండు వైపులా తెలిసినా, తిరిగొచ్చేటప్పుడు బస్సులోనే తీర్పు చెప్పేయడం లాంటిదే ఇది.

తీర్పు చెప్పే స్థలం మామూలుగా టీ బడ్డీ. పొద్దు కుంకాక మొదలవుతుంది. ప్రాక్టీస్ మ్యాచ్ ఎలా ముగిసినా పండక్కి గెలవబోయేది మన ఊరే అని రుజువు చేయడం పంచాయితీలో మొదటి పని. గెలిస్తే రుజువు సులువు. ఓడినా పెద్ద కష్టం కాదు. “మన అసలు గుంటలు ఇంకా దిగనేదు గదేటి” అంటే చాలు. సమంగా ముగిస్తే మాత్రం కొంచెం ఆలోచించాల్సి వస్తుంది. అప్పుడు డ్రిల్లు మాస్టారు అక్కరకొస్తాడు.

ఒక సాయంత్రం వినిపించే సంభాషణ ఇలా ఉంటుంది.

“ఏటి బావా, ఆడికి దమ్ము నేదు. కూతకెళ్లి పది సెకన్లకే ఎనక్కొచ్చేత్తన్నాడు.”

“దమ్ముకేటి రా, రేత్రి షిఫ్టు సేసి నిద్దర నేకుండా వచ్చినాడు.”

“అయితే పండక్కి నిద్దరోయి వత్తాడు గదా?”

“వత్తాడు.”

“అయితే మనదే కప్పు.”

ఈ తర్కంలో ఎక్కడా లోపం కనిపించదు. ఎదుటి ఊరి కూతగాడు కూడా అదే కంపెనీలో అదే షిఫ్టు చేసి, అదే బస్సులో పక్కసీట్లో కూర్చుని వచ్చాడన్న విషయం బడ్డీ దగ్గర ప్రస్తావనకు రాదు.

అంచనాలు కట్టేవాళ్లలో అందరూ ఒక రకం కాదు. మాజీ ఆటగాడు అందరికన్నా ప్రమాదకరమైనవాడు. ఆయన ఆడే రోజుల్లో బోనసు లేదు, ముప్పై సెకన్ల లెక్క లేదు, కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు పట్టేస్తే అదనపు పాయింటిచ్చే సూపర్ ట్యాకిలూ లేదు. ఊపిరి ఉన్నంతసేపూ కూత. ఆ రోజుల్లో తన కూత ఎంతసేపు నిలిచేదో ఆయన ఏటేటా కొంచెం పెంచి చెబుతాడు. ఇప్పటి కుర్రాళ్లలో ఎవడికీ కాలు పట్టడం రాదన్నది ఆయన స్థిరాభిప్రాయం. అది రుజువు చేయడానికి అక్కడే బల్ల మీద కూర్చున్నవాడి మడమ పట్టుకుని చూపిస్తాడు. రెండు చేతులూ మడమ దగ్గర కలవాలి, తల పక్కకు తిప్పుకోవాలి, బరువంతా వెనక్కి వేయాలి. చెప్పింది అక్షరాలా నిజం, పట్టు కూడా గట్టిదే. టీ గ్లాసు మాత్రం ఒలుకుతుంది. ఆ రాత్రి బడ్డీ దగ్గర కబడ్డీ గురించి ఎవరికైనా తెలిసేదంటూ ఉంటే అది ఆ కాలు పట్టే. దాన్ని చూడాల్సిన కుర్రాళ్లు అప్పటికి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.

రెండో రకం టీవీ చూసి నేర్చుకున్నవాడు. ఇతను 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక పుట్టిన జాతి. ఇతని నోట ఊరి జట్టుకు కూడా “డిఫెన్స్ కాంబినేషన్”, “డూ ఆర్ డై రైడ్” ఉంటాయి. రెండుసార్లు ఖాళీగా తిరిగొచ్చాక మూడోసారి పాయింటు తేకపోతే ఔట్ అన్నది డూ ఆర్ డై. మడిలో దీన్ని లెక్కపెట్టేవాడు ఎవడూ ఉండడు కాబట్టి ప్రతి రైడూ అతనికి డూ ఆర్ డైగానే కనిపిస్తుంది.

ఇతన్ని తక్కువ చేయడం మాత్రం న్యాయం కాదు. ఇతను తెలుగు టైటాన్స్ అభిమాని. ఆ ఒక్క అర్హతతో ఓర్పులో ఎవరికైనా గురువు కాగలడు. ఎనిమిదో సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి ఒకటి గెలిచింది. తొమ్మిదో సీజన్లో రెండు. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నారు, అప్పటికి లీగు చరిత్రలో అదే పెద్ద ధర. ఆ సీజన్లోనూ రెండే గెలిచింది. మూడు సీజన్లూ కలిపి 66 మ్యాచ్‌లు, అయిదు విజయాలు. అయినా ప్రతి సీజను ముందూ “ఈసారి టీము బాగా కుదిరింది” అన్న మాటకు లోటు రాలేదు. పదకొండో సీజన్లో పన్నెండు గెలిచి ప్లేఆఫ్స్ గుమ్మం దగ్గర ఆగిపోయింది. పన్నెండో సీజను 2025 ఆగస్టు 29న విశాఖలోనే మొదలైంది. సొంత జనం ముందు మొదటి మ్యాచ్. ఎదుట తమిళ్ తలైవాస్, అందులో అదే పవన్. మూడు పాయింట్ల తేడాతో టైటాన్స్ ఓడింది. ఆ రాత్రి విశాఖ నుంచి ఊళ్లకు తిరిగెళ్తున్నవాళ్లు సీజను అయిపోయినట్టే తీర్పిచ్చారు. జట్టు ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. తొలి మ్యాచ్ చూసి జట్టును తూచకూడదని దీనివల్ల తేలుతుందా అంటే, తేలదు. టైటాన్స్ అభిమాని మొదటి మ్యాచ్ నాడు కూడా తాను నమ్మకం వదల్లేదనే చెబుతాడు, పక్కవాడు సాక్ష్యం పలుకుతాడు.

మూడో రకం అభిమాని మ్యాచ్‌కు రానివాడు. గానుగ దగ్గర బెల్లం పాకం దించే వేళ కావడంవల్ల కదల్లేకపోతాడు. ఆడిన సంగతి ముగ్గురి నోట మూడు విధాలుగా విని నాలుగో విధంగా చెబుతాడు. చూసినవాళ్లకు అనుమానాలు ఉంటాయి, ఇతనికి ఉండవు. పందెం కాసేదీ సాధారణంగా ఇతనే.

ఈ లక్షణాలన్నీ శారదా నది ఒడ్డున మాత్రమే ఉన్నాయనుకోవడం పొరపాటు. ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. బంతిని కాలితో తన్నవచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, జట్టుకు పదిహేనుమంది. వలలో పడితే మూడు పాయింట్లు, అడ్డుకర్ర మీదుగా పంపితే సాధారణంగా ఒకటి. 1884లో థర్లెస్ ఊళ్లో పుట్టిన సంఘం ఈ ఆటను నడుపుతోంది. అక్కడి ఆటగాళ్లకు ఆడినందుకు జీతం ఉండదు. పగలు బడిలో పాఠం చెప్పేవాడు, పొలం చేసుకునేవాడు, బ్యాంకులో కూర్చునేవాడు సాయంత్రం తన కౌంటీ జెర్సీ వేసుకుంటాడు. వేలంలో ఎవరినీ కొనరు. పరవాడ షిఫ్టు చేసి కార్నర్ ఆడేవాడు అతన్ని చూస్తే వరస కలుపుకుంటాడు.

వాళ్లకూ సీజను ముందు ఆటలుంటాయి. లీన్‌స్టర్‌లో ఓబర్న్ కప్పు, అల్‌స్టర్‌లో మెకెన్నా కప్పు, జనవరిలో, అంటే ఇక్కడ భోగి పిడకలు ఎండబెట్టే రోజుల్లోనే. చలి, బురద, ఈదురుగాలి. పెద్ద ఆటగాళ్లకు విశ్రాంతి, కొత్త కుర్రాళ్లకు అవకాశం. దాని గురించి అభిమాని చెప్పే మాటలు రెండే. గెలిస్తే “జనవరిలో గెలిస్తే ఏం లాభం?” ఓడితే “జనవరిలో ఓడితే ఏం నష్టం?” ఈ రెండూ చెప్పాక కూర్చుని కొత్త కుర్రాళ్లలో ఎవడు వేసవిలో పనికొస్తాడో తెల్లవార్లూ లెక్కలు వేస్తాడు.

ఐర్లండ్ అభిమానుల్లో మేయో కౌంటీ వాళ్లను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ జట్టు ఆల్ ఐర్లండ్ కప్పు ఆఖరుసారి గెలిచింది 1951లో. 1989 నుంచి 2021 దాకా పదకొండు ఫైనల్స్ ఓడిపోయింది. దీనికి కారణం శాపమని ఒక కథ ఉంది. 1951లో కప్పుతో ఊరేగుతూ వస్తూ దారిలో ఎదురైన శవయాత్రకు మర్యాద చేయలేదని, ఆ జట్టులో ఒక్కడు బతికున్నా మేయో మళ్లీ గెలవదని ఎవరో శపించారట. ఆ జట్టులో చివరివాడు 2021లో కన్నుమూశాడు. శాపం గడువు తీరింది, కప్పు రాలేదు. దేవరాపల్లి బడ్డీలో ఈ కథ చెబితే ఎవరూ నవ్వరు. శాంతి చేయించారా అని అడుగుతారు.

తిరిగి మడిలోకి వస్తే, ప్రాక్టీస్ మ్యాచ్ అంచనాలకు ఆయుర్దాయం చాలా తక్కువ. పండగ పోటీలో మొదటి ఈల మోగగానే అవి చెల్లకుండా పోతాయి. అప్పుడు ఎవరు ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు, కప్పు వస్తుందన్నవాడు “నానేటన్నాను?” అంటాడు. ఓడితే నేల గట్టిదవుతుంది, మంచు తడి ఎక్కువవుతుంది, గీత పక్కకు జరుగుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆటగాడి కోసం పుట్టిందంటారు గానీ, దాన్ని ఎక్కువగా వాడుకునేది గట్టు మీద కూర్చున్నవాడే.

పంచాయితీకి రాకుండానే సరైన అంచనా వేయగలిగేది ఇంట్లో బట్టలుతికే తల్లి. ఆమె దగ్గర ఉన్న సాక్ష్యం బడ్డీలో ఎవరి దగ్గరా ఉండదు. బనీను ముందువైపు మట్టి ఉంటే కొడుకు ముందుకు దూకి పట్టు పడుతున్నాడని, వీపున ఉంటే ఎవరో లాగి పడేస్తున్నారని, నడుం దగ్గర చిరిగితే తప్పించుకోబోయి దొరికిపోయాడని, మోకాళ్లు రెండూ కొట్టుకుపోతే గీత కోసం డైవ్ కొట్టాడని ఆమెకు చాకిరేవు దగ్గరే తెలిసిపోతుంది. బట్టలు శుభ్రంగా ఉంటే ఆడించలేదని అర్థం. అప్పుడు విషయం కబడ్డీని దాటిపోతుంది. ఆ తల్లి కెప్టెన్ తల్లితో బోరు దగ్గర మాట్లాడదు, బిందె పక్కకు జరపదు, అరిసెల పాకం పట్టడానికి సాయం రమ్మంటే తలనొప్పి అంటుంది. రెండు రోజులు చూసి కెప్టెన్ తల్లి రాత్రి అన్నం వడ్డిస్తూ కొడుకుని నాలుగు దులుపుతుంది. పండగ పోటీలో ఎడమ కవర్‌లో ఆ కుర్రాడు నిలబడితే, టీవీ చూసి నేర్చుకున్నవాడు దాన్ని వ్యూహంలో మార్పు అని వివరిస్తాడు.