సారథి లేని రథము

భయమును డబ్బిచ్చి కొనవలసిన అగత్యము రంపచోడవరమున కాపురముండువానికి ఎన్నడును కలుగదు. మా ఊరినుండి మారేడుమిల్లికిని, అటనుండి టైగర్ క్యాంపు మీదుగా చింతూరునకును పోవు ఘాటురోడ్డున, వానాకాలపు సాయంకాలము, వెదురుకొమ్మలు కిటికీలను గీరుచుండగా, ఎదుటనున్న రోడ్డు ఉన్నట్టుండి అంతర్ధానమై ఆకాశము మాత్రమే మిగిలిన మలుపు దగ్గర, బస్సు ఏ తీరున తిరుగునో చూచుచు కూర్చున్నవానికి ఆ భయము టిక్కెట్టులోనే కలిసి వచ్చును. దానికి వేరుగా రుసుము లేదు.

ఐనను ఆ భయమునకొక పద్ధతి కలదు. ఘాటెక్కు బస్సులో కూర్చున్నవాడు తన ప్రాణభారమును తాను మోయడు. ఎక్కిన వెంటనే దానిని డ్రైవరునకు ఒప్పగించి, గోకవరములో కొన్న జామకాయలు నమలుచు నిశ్చింతగా నుండును. ముందుసీటు దొరికిన అదృష్టవంతులు రోడ్డును చూడరు, డ్రైవరు మెడను చూతురు. నేనును జీవితమంతయు చూచినవాడనే. అతడు నోటిలోని కిళ్లీని ఒక బుగ్గనుండి మరియొక బుగ్గకు మార్చినాడన్న పెద్దమలుపు వచ్చుచున్నదని అర్థము. మాట్లాడుచు మాట్లాడుచు ఆగినాడన్న ఎదుటినుండి లారీ దిగుచున్నదని అర్థము. కండక్టరుతో కోడలి పురిటి సంగతులు చెప్పుచున్నాడన్న రెండు మైళ్లవరకు ప్రమాదమేమియు లేదని అర్థము. అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు, మూతిమీద గోనెపట్టా కట్టిన బుట్టలో కోళ్లు, నిమ్మకాయ ముక్కుకానించుకొని కండ్లు మూసికొన్న కొత్త పెండ్లికూతురు, ఈ సమస్తమును మలుపు మలుపునకు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు జరుగుచుండును. మరీ ప్రాణము మీదికి వచ్చినప్పుడు వెనుకనుండి ఏ ముసలమ్మయో, "బాబూ, నెమ్మదిగా పోనీ నాయనా, పిల్లలు గలోళ్లం" అనును. "నాకూ ఉన్నారే మామ్మా" అని డ్రైవరు వెనుకకు తిరుగకయే బదులు చెప్పును. అంతటితో బస్సంతటికిని ధైర్యము వచ్చును.

ఈ కొండలలో రోడ్లు వినోదార్థము వేసినవి కావు. నర్సీపట్నమునుండి చింతపల్లి వైపునకు రోడ్డు వేయించునపుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత చాలీచాలని కూలికి చేయించిన చాకిరి, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుస్టేషనుపై పడుటకు దారితీసిన కారణములలో నొకటి. అట్టి చరిత్ర గల దారులమీద భయపడుటయు గంభీరమైన వ్యవహారమే. కావున, ఏ ఊరికిని పోని దారినొకదానిని ఇనుముతో ఆకాశమునకు కట్టి, బయలుదేరిన చోటికే తిరిగి తెచ్చి దింపుదురనియు, దానికై జనులు ఎండలో వరుసకట్టి నిలుతురనియు మా అల్లుడు చెప్పినపుడు, పట్టణవాసులకు పనిలేదని మాత్రమే అనుకొంటిని.

నన్ను ఆ దారి పట్టించినది సాహసము కాదు, మూత్రపిండములోని రాయి. మినపగింజకంటె పెద్దది కాని ఆ రాయి నా కుడిప్రక్కను ఆశ్రయించి, కదలుమన్న కదలక, ఉండుమన్న ఊరకుండక నన్ను వేధించుచుండెను. రాజమహేంద్రవరపు డాక్టరు నీళ్లు త్రాగుమనెను. మా ఇంటిది అరటిదవ్వరసమును, ఉలవకట్టును, కొండపిండి ఆకు పప్పును వంతులవారీగా ప్రయోగించెను. వాటివలన నా భోజనము చెడినదే కాని రాయి చెడలేదు. ఇట్టి స్థితిలో దసరాసెలవులకు హైదరాబాదున అమ్మాయి ఇంటికి పోయినప్పుడు, సాఫ్టువేరు ఉద్యోగియైన మా అల్లుడు శాస్త్రమును ముందుంచుకొని కూర్చుండెను.

"మావయ్యగారూ, మీ రాయికి మందు దొరికిందండి. రోలర్ కోస్టర్!"

పరిహాసమనుకొంటిని, కాదు. అమెరికాలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ వార్టింగర్ అను మూత్రపిండవైద్యుని యొద్దకు రోగి యొకడు వచ్చి, ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డులో బిగ్ థండర్ మౌంటెన్ అను రోలర్ కోస్టరెక్కగా రాయి పడిపోయినదని చెప్పెనట. మనయూరి డాక్టరైనచో సంతోషించి ఊరకుండును. వార్టింగర్ ఊరకుండలేదు. మూత్రపిండమును పోలిన సిలికోను బొమ్మ చేయించి, అందు నిజమైన రాళ్లను, నిజమైన మూత్రమును నింపి, సంచిలో పెట్టుకొని, సహచరునితో కూడ ఆ కోస్టరును పలుమార్లెక్కి లెక్కలు వ్రాసికొనెను. ముందుసీటులో కూర్చున్నపుడు నూటికి 17 పాళ్లు, వెనుకసీటులో నూటికి 64 పాళ్లు రాళ్లు జారినవని 2016లో ప్రకటించెను. 2018లో ఆయనకు ఇగ్ నోబెల్ బహుమానము వచ్చినది. మొదట నవ్వించి పిదప ఆలోచింపజేయు పరిశోధనలకు ఆ బహుమానమిత్తురట. మా ఇంట క్రమము తారుమారై, మొదట అందరును ఆలోచించిరి, నన్ను ఒప్పించిన పిదప నవ్విరి.

నగరపు వెలుపల, రావిర్యాల దగ్గర, 2016లో తెరచిన వండర్లా యను వినోదోద్యానమున్నది. అందు రీకాయిల్ అను పేరుగల రోలర్ కోస్టరు కలదు. వరుసలో నిలిచియున్నంతసేపును అల్లుడు నాకు దాని వంశచరిత్ర చెప్పెను. పూర్వము రష్యాలో సెంట్ పీటర్స్‌బర్గ్ పరిసరములందు కొయ్యతో ఎత్తైన వాలు కట్టి, దానిపై నీరుపోసి గడ్డకట్టించి, చలికాలమున ప్రభువులును పామరులును జారుచుండిరట. 1817 నాటికి పారిసులో ఆ వాలునకు చక్రముల బండ్లు వచ్చినవి. అమెరికాలో పెన్సిల్వేనియా కొండలయందు బొగ్గుబండ్లను పట్టాలమీద తమంత తామే దిగనిచ్చి, పైకి మాత్రము కంచరగాడిదలచేత లాగించుచుండిరి. దిగునపుడు ఆ కంచరగాడిదలను కూడ ఒక బండిలో నిలబెట్టి దింపెడివారు. కొన్నాళ్లకు ఆ జంతువులు దిగుడుదారిని నడచుటకు ససేమిరా అనినవట. కోస్టరు రుచి మరగిన తొలి ప్రయాణికులు వీరేనని నా నిశ్చయము. 1884లో లామార్కస్ థాంప్సన్ అనునతడు న్యూయార్కు దగ్గరి కోనీ ఐలండులో ఐదు సెంట్ల టిక్కెట్టుపై, గంటకు ఆరు మైళ్ల వేగమున జనులను త్రిప్పెను. ఆరు మైళ్లు! మా సీతపల్లి సంతకు పోవు సైకిలు దానికంటె వేగముగా పోవును. ఆ కాలమున పుట్టియుంటినా, నేనును సాహసికుడననిపించుకొందును.

1895లో అచ్చటనే తలక్రిందులు చేయు చుట్టు నొకదానిని కట్టిరి. అది అచ్చమైన వృత్తము. గుండ్రముగా నుండుటచే బండి చుట్టులో దూరగానే బరువంతయు ఒక్కసారి మీదపడి జనుల మెడలు పట్టుకొనిపోయినవి. వృత్తమును విడిచి, మొదట మెల్లగా వంగి, శిఖరమున బిగువై, కన్నీటిచుక్క ఆకారము దాల్చు వక్రమును జర్మను ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ గణించి, 1976లో కాలిఫోర్నియాలో కట్టించిన పిదపగాని మనుష్యుడు సుఖముగా తలక్రిందులు కాలేకపోయెను. రైలుమార్గములు మలుపు తిరుగుచోట ఇంజనీర్లు పట్టాలను వంచు వక్రము కూడ ఇదియేనట. మా ఘాటురోడ్డు వేసినవారికి దీని సంగతి ఎవ్వరును చెప్పినట్టు లేదు.

వరుస చివర నొక పలక కట్టియుండెను. గుండెజబ్బు గలవారు, రక్తపుపోటు గలవారు, మెడనొప్పి, నడుమునొప్పి గలవారు, గర్భవతులు ఎక్కరాదు. దానిని నేను చదివినంత శ్రద్ధగా నా సర్వీసు రిజిష్టరును కూడ చదువలేదు. నాకు వర్తించునది ఒక్కటైనను లేదు. మూత్రపిండపు రాళ్లప్రసక్తియే లేదు. ఆరోగ్యవంతుడనైనందుకు విచారించుట నా జన్మలో అదియే ప్రథమము.

శాస్త్రప్రకారము నన్ను చిట్టచివరి సీటున కూర్చుండబెట్టిరి. ప్రక్కన మా మనుమరాలు. భుజములమీదికి ఇనుపకడ్డీ దిగి గుండెకు హత్తుకొనెను. అప్పుడు, జీవితమంతటి అభ్యాసముచేత, నా కండ్లు ముందునకు పోయి ఒక మెడను వెదకినవి. వరుసలు వరుసలుగా ప్రయాణికుల తలలే కాని చక్రము పట్టుకొన్నవాడు ఎచ్చటను లేడు. అద్దము లేదు, దానికి కట్టిన నిమ్మకాయ లేదు, హారను లేదు. కడ్డీలను లాగి చూచుచున్న కుర్రవానిని పిలిచి, "డ్రైవరేడి బాబూ?" అంటిని.

"డ్రైవర్ ఉండడు సార్. పైకి లాగి వదిలేస్తాం, అంతే."

వదిలేయుట! ఈశ్వరుని ప్రసక్తి లేకయే ప్రకృతి తనంత తాను నడచునని చెప్పిన సాంఖ్యులను గూర్చి చిన్ననాడు మా సంస్కృతపు మాష్టారు బోధించునపుడు నాకది ఎంతమాత్రమును బోధపడలేదు. ఆ సీటులో ఒక్క క్షణమున సంపూర్ణముగా బోధపడెను. దీనికి ఇంజను కూడ లేదు. గొలుసు పైకి లాగును, తరువాతి పని భూమ్యాకర్షణది. దానికి పిల్లలు లేరు. నెమ్మదిగా పొమ్మని ఎవరితో చెప్పుకొందుము?

బండి వెనుకకు కదలెను. అవును, ఈ కోస్టరు మొదట వీపువైపునకే లాగును. చివరిసీటువాడు అందరికంటె ఎత్తునకు పోయి, నేలవైపు ముఖము పెట్టుకొని వ్రేలాడవలెను. క్రింద మా ఇంటిది సంచీలను కాచుకొనుచు, తల పైకెత్తి, చెయ్యి అడ్డుపెట్టుకొని చూచుచుండుట కనబడెను. అంతలో కొక్కెము విడిచిన చప్పుడు, చిన్నది, పెట్టె గడియ తీసినంత చప్పుడు. తరువాత నేను లేను. నా శరీరమున్నది, కడుపు మాత్రము పైననే నిలిచిపోయి, ఒకటి రెండు మలుపులు తరువాత వచ్చి కలిసినది. గంటకు 80 కిలోమీటర్ల వేగమని పిమ్మట అల్లుడు చెప్పెను. ఆకాశము కాళ్లక్రిందికి వచ్చినది, హైదరాబాదు నెత్తిమీదికి పోయినది. మా రంపలోని నీలకంఠేశ్వరుని ఒకసారి స్మరించితిని. రెండవసారి స్మరింపబోయి, నోటికి అలవాటైన మాట వెలువడగా, "బాబూ, నెమ్మదిగా పోనీ నాయనా, పిల్లలు గలోళ్లం!" అని బిగ్గరగా అరచితిని.

"ఎవరికి చెప్తున్నావు తాతయ్యా?" అని మనుమరాలు నవ్వుచు అరచెను. దానికి తలక్రిందులుగా నుండియు ప్రశ్నలడుగు తీరికయున్నది.

అంతటితో ముగియునని తలంచితిని. బండి రెండవ కొండ నెక్కి ఆగినది. అక్కడినుండి వచ్చిన దారినే, వచ్చిన చుట్టలన్నిటి గుండను, వెనుకకు విడిచినది. శాస్త్రమునకు గండి పడినది ఇచ్చటనే. చివరిసీటని వెదకి ఎక్కినది ఇప్పుడు మొదటిసీటైనది! 64 పాళ్ల ఆశతో బయలుదేరినవాడను 17 పాళ్లకు దిగజారితిని. పైగా ఆ మొదటిసీటులో వీపుతో పోవుటచే, పోవుచున్న చోటు కనబడక, పోయివచ్చిన చోటు మాత్రమే కనబడును. వయసు మీరినవానికి ఇది ఇంటివద్దనే కావలసినంత దొరకును.

దిగిన పిదప కాసేపు నేలమీద నమ్మకము కుదరలేదు. కొబ్బరినీళ్లు త్రాగించి కారెక్కించిరి. ఔటర్ రింగురోడ్డుమీద పోవుచుండగా అల్లుడు ఫోను చూచుచు, ఒకింత దగ్గి, ఆ వార్టింగరే తక్కిన కోస్టరులను కూడ పరీక్షించెననియు, మిక్కిలి వేగముగా పోవునవి రాయిని కదలనీయక అదిమిపెట్టుననియు, తలక్రిందులు చేయక, మధ్యమవేగమున, కుదుపులతో, మెలికలతో పోవునవే మేలని ఆయన తేల్చెననియు సెలవిచ్చెను.

"అంటే మన మారేడుమిల్లి బస్సులో వెనక సీటే గదండీ" అనెను మా ఇంటిది.

ఆ సీటులో కూర్చొనియే ఈ రాయిని సంపాదించితినని నేను చెప్పబోయి, నడుము సహకరింపక ఊరకుంటిని.

ఊరు చేరిన వారమునకు రాజమహేంద్రవరము పోయి స్కానింగు తీయించితిని. రాయి ఉన్నచోటనే, ఉన్నట్లుగనే కలదు. కుడిప్రక్క చల్లనిజిగురు తుడుచుకొనుచు, డాక్టరుతో జరిగిన చికిత్సనంతయు వివరించితిని. ఆయన నవ్వునని తలంచితిని. నవ్వలేదు. నర్సు బయటికి పోవువరకు ఆగి, తలుపు దగ్గరగా వేసి, తన నడుముమీద చెయ్యి వేసికొని, "టిక్కెట్టెంత పడిందండీ?" అని అడిగెను.