మీ మాట వినని బ్రౌజరునే ఎంచుకోండి

బ్రౌజరు ఎలా ఎంచుకోవాలని ఎవర్నడిగినా ఒకటే చెబుతారు: వేగంగా ఉండాలి, వాడటానికి వీలుగా ఉండాలి, మన ఇష్టానికి తగ్గట్టు ఉండాలి. నేను ఈ మూడింటికీ ఒప్పుకోను. గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు తోలేవాళ్ళకీ, పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి వేసేవాళ్ళకీ నేనిచ్చే సలహా దీనికి పూర్తిగా ఎదురు. నిదానంగా నడిచేది తీసుకోండి. అడుగడుగునా ఆపి అడిగేది తీసుకోండి. మీ గురించి ఏమీ గుర్తుంచుకోనిది తీసుకోండి. బాగా అలవాటై, వేలు దానంతటదే పోయే బ్రౌజరు మీ ఫోనులో ఉంటే దాన్ని ఈ రోజే పక్కన పెట్టండి.

కంప్యూటరు చదువుకున్న పిల్లలు ఈ మాట ఒప్పుకోరు. వాళ్ళు బ్రౌజరులో సినిమా చూస్తారు, టిక్కెట్టు కొంటారు. ఏదన్నా తప్పు జరిగితే ఒక సాయంత్రం పాడవుతుంది. మనం దాంట్లో పంట ధర చూస్తాం, భూమి కాగితం వన్‌-బి తీస్తాం, బ్యాంకు ఖాతా తెరుస్తాం, పురుగుమందు పేరు వెతుకుతాం. ఇక్కడ ఒక్కచోట తప్పు నొక్కితే ఏడాది కష్టం పోతుంది. అందుకే మన బ్రౌజరు మనకి అడ్డం తగలాలి.

ముందు వేగం సంగతి. వేగంగా కనపడటానికి బ్రౌజర్లు చేసే పనుల్లో పాత పేజీని ఫోనులో దాచి ఉంచటం ఒకటి. నిన్న మధ్యాహ్నం తెరిచి వదిలేసిన ట్యాబుని ఇవాళ పొద్దున అదే రూపంలో మీ ముందు పెడుతుంది. వంటల పేజీకి అది చాలు. తేజ మిర్చి ధరకి చాలదు. ఏసీ గిడ్డంగిలో సరుకు పెట్టుకుని, ఇవాళ తీయాలా ఇంకో పది రోజులు ఆగాలా అని లెక్క వేసుకునే రైతు చేతిలో నిన్నటి పేజీ ఉంటే ఏమవుతుందో కమీషన్ కొట్ల దగ్గర రోజూ చూడొచ్చు.

"ఇది నిన్నటిది బాబాయ్" అంటాడు గుమస్తా, ఫోను చేతిలోకి తీసుకుని.

"ఇప్పుడేగా తెరిచింది?"

"తెరిచింది ఇప్పుడే. పేజీ నిన్నటిది. పైన తేదీ చూడు."

తేదీ పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ధర మాత్రం కింద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పేజీ క్షణంలో వచ్చేస్తే కన్ను నేరుగా ధర మీదికే పోతుంది. నాలుగు సెకన్లు తెల్లతెర కనిపించి, ఆ తర్వాత పైనుంచి ఒక్కో వరుసా దిగుతూ వచ్చే పేజీలో ముందు తేదీయే కనపడుతుంది. నిదానం వల్ల నాకు తెలిసిన మొదటి లాభం ఇది.

దీనికి ఫైర్‌ఫాక్స్‌లో మంచి ఏర్పాటు ఉంది. సెట్టింగుల్లో, బ్రౌజరు ముగించేటప్పుడు సమాచారమంతా తుడిచేయాలా అని ఒక మీట ఉంటుంది. అది వేసి, కింద వచ్చే జాబితాలో తెరిచిన ట్యాబులు, కుకీలు, కాష్ మీద టిక్కు ఉంచండి. చూసిన పేజీల చిట్టా మీద మాత్రం టిక్కు తీసేయండి. పని అయిపోగానే మెనూలోంచి ముగించండి. మళ్ళీ తెరిచినప్పుడు అది మిమ్మల్ని ఎరగదు. ప్రతి సైటూ మళ్ళీ పేరు అడుగుతుంది, పాస్‌వర్డు అడుగుతుంది. చిరాకు పుడుతుంది. పుట్టనివ్వండి. ఫోను పిల్లల చేతికో, బస్టాండులో పక్కవాడి చేతికో పోయినా బ్రౌజరులోంచి మీ ఖాతా తలుపు తెరుచుకోదు.

చిట్టా ఎందుకు ఉంచమన్నానంటే, దాన్ని రోజూ చెరిపేయమని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాట వినొద్దు. ఏ రోజు ఏ పేజీ చూశారో, ఏ చిరునామా నుంచి దారి తప్పారో చెప్పగలిగేది అదొక్కటే. ప్రైవేటు విండో కూడా ఇదే కారణానికి వద్దంటాను. అందులో మీరు చూసినవి మీ ఫోను మరిచిపోతుంది గానీ, అవతలి సైటుకీ, సిగ్నలు ఇచ్చే కంపెనీకీ తెలుస్తూనే ఉంటుంది. దాచుకోవలసినవాళ్ళ దగ్గర దాచలేదు, మనకి పనికొచ్చే జాడ మాత్రం చెరిపేసింది. అలాంటి సదుపాయం మనకెందుకు?

వేగం వదులుకుని వేరేది కోరుకోవటం తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. 2016 సెప్టెంబరులో జియో రాకముందు, మీటల ఫోన్లలో జనం వాడింది ఎక్కువగా ఒపెరా మినీ, యూసీ బ్రౌజర్లు. ఒపెరా మినీ పేజీని ముందు తన సర్వరులో కుదించి, చిన్న మూట చేసి ఫోనుకి పంపేది. అందుకే సన్నటి సిగ్నల్లో కూడా పేజీ వచ్చేది. కానీ చాలా ఫోన్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనపడేది. అప్పుడొక కిటుకు ఊరూరా పాకింది. చిరునామా పట్టీలో ఒపెరా:కాన్ఫిగ్ అని కొట్టి, అడుగున ఉన్న బిట్‌మ్యాప్ ఫాంట్ల వరుసని 'నో' నుంచి 'యెస్'కి మార్చేవాళ్ళు. దాంతో తెలుగు అక్షరాలు బొమ్మలుగా మారి వచ్చేవి. పేజీ బరువెక్కేది, రావటం ఆలస్యమయ్యేది, డేటా ఎక్కువ కాలేది. అయినా మార్చుకున్నారు. అంతకుముందు, 2000ల మధ్యలో, తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు వాడే కాలంలో, ఆ అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' అనే పొడిగింత ఫైర్‌ఫాక్స్‌కి ఉండేది. దానికోసమే ఫైర్‌ఫాక్స్‌కి మారిన తెలుగువాళ్ళున్నారు. వాళ్ళు చూసింది తెలుగు కనపడుతుందా లేదా అని మాత్రమే. నా దృష్టిలో బ్రౌజరు ఎంచుకోవటానికి అంతకన్నా మంచి కారణం లేదు.

ఇప్పటికీ ఆ పరీక్ష పెట్టండి. కొత్త బ్రౌజరు వేయగానే జ్ఞానం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి అనే మాటలున్న పేజీ తెరవండి. చుక్కల సున్నా ఎక్కడైనా కనపడితే ఆ బ్రౌజరుని తీసేయండి. ఇది పాతకాలపు భయం అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరానికి సంబంధించిన ఒక కూర్పు తెరమీదికొస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కంపెనీ దానికోసమే 11.2.6 అనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ప్రపంచంలోనే ఖరీదైన ఫోన్లలో తెలుగు గతి అది. తర్వాత అక్షరాల సైజు ఒకటిన్నర రెట్లు చేయండి. తెరమీద తక్కువ వరుసలు పడతాయి, ఎక్కువసార్లు వేలితో తోయాలి, చదవటం నెమ్మదిస్తుంది. మంచిదే. చిన్న అక్షరాల్లో వత్తులు కింది వరుస గుడుల్లో ఇరుక్కుని, పేజీలో రాసిన మందు మోతాదు ఎంతో తేలదు. నల్లతెర పెట్టుకోవటం ఇప్పుడు సరదా అయింది. చేలో, ఎండలో అది అద్దంలా మెరిసి మీ ముఖమే కనపడుతుంది. వద్దు.

మెనూలన్నీ తెలుగులోకి మార్చేయండి. ఇంగ్లీషు మెనూకి అలవాటుపడినవాళ్ళు మొదట్లో తడబడతారు, ఏది ఎక్కడుందో వెతుక్కుంటారు. ఆ తడబాటు కోసమే మార్చమంటున్నాను. ఇంగ్లీషులో ఉన్నంతకాలం మనం బటన్ మీద మాట చదవం, రంగు చూసి నొక్కుతాం. పేజీ తెరవగానే నోటిఫికేషన్లు పంపనా అని అడుగుతుంది కదా, అక్కడ నీలం బటన్ నొక్కేవాళ్ళే ఎక్కువ. ఆ రోజునుంచి మీ ఫోనులో వైరస్ ఉందని, బహుమతి వచ్చిందని, ఖాతా ఆగిపోతోందని పొద్దస్తమానం గంటలు మోగుతాయి. ఫోను పాడైందని షాపుకి తీసుకెళ్ళి డబ్బిచ్చినవాళ్ళని చూశాను. ఫోను బాగానే ఉంది. బ్రౌజరులో సైటు సెట్టింగులు తెరిచి, నోటిఫికేషన్ల మీట ఆపేసి, ఇదివరకు అనుమతి ఇచ్చిన సైట్లనీ అక్కడే ఆపేస్తే గంటలు ఆగుతాయి.

ప్రకటనల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2021-22లో నల్ల తామర పురుగు మిరపతోటల్ని ఊడ్చేసింది. పూలల్లో గుంపులుగా చేరిన పురుగు ఏ మందుకీ లొంగకపోతే, రాత్రిళ్ళు ఫోను ముందు కూర్చుని మందు వెతకని ఇల్లు లేదు. ఒకసారి అలా వెతికితే ఆ ఫోనుని ప్రకటనలు వదలవు. ఏ పేజీ తెరిచినా పక్కనే సీసా బొమ్మ, వారంలో తోట తేరుకుంటుందన్న హామీ. అప్పుల్లో ఉన్న మనిషికి అర్ధరాత్రి అలాంటి బొమ్మ చూపించటం పాపమని నా నమ్మకం. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ పొడిగింతల్ని తీసుకోదు. ఫైర్‌ఫాక్స్ తీసుకుంటుంది. అందులో యూబ్లాక్ ఆరిజిన్ వేయండి. అదీ వద్దనుకుంటే బ్రేవ్ పెట్టుకోండి, దానికి ప్రకటనల్ని ఆపే గుణం పుట్టుకతోనే ఉంది. కొన్ని సైట్లు ప్రకటనలు చూస్తేనే లోపలికి రానిస్తామంటాయి. వాటిని వదిలేయండి. మందు సలహా కావాలంటే గుంటూరు దగ్గర వ్యవసాయ పరిశోధన కేంద్రమైన లాం ఫారానికి వెళ్ళండి, రైతుకి అర్థమయ్యే తెలుగులో చెప్పేవాళ్ళు అక్కడున్నారు. పరాయి భాషలో మందు పేజీ కనపడితే బ్రౌజరు అనువాదం బటన్ నొక్కి మోతాదు చదవొద్దు. ఎకరాకి ఎంతో, లీటరు నీళ్ళకి ఎంతో ఆ యంత్రం కలిపేస్తే తోట మాడిపోతుంది.

ఒక్క బ్రౌజరుతో సరిపెట్టుకోవద్దు. నాలుగెకరాలున్న రైతు నాలుగింటికీ తేజయే వేసి కూర్చోడు, ఒక ఎకరం 334 వేస్తాడు, కుదిరితే బాడిగ వేస్తాడు. సర్కారు పనులకి ఒక బ్రౌజరు, వెతుకులాటకి ఇంకొకటి, పిల్లలకి మూడోది. అయితే పేర్లు చూసి మోసపోవద్దు. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, శాంసంగ్ ఇంటర్నెట్, అన్నిట్లో గింజ ఒకటే, గూగుల్ నడిపే క్రోమియం. మన దేశపు బ్రౌజరని చెప్పే జోహో వారి ఉలాలోనూ అదే. 2023లో వచ్చిన ఉలా, కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్వదేశీ బ్రౌజర్ల పోటీలో గెలిచి 2025లో కోటి రూపాయల బహుమతి తీసుకుంది. దాంట్లో పనికీ ఇంటికీ పిల్లలకీ వేరువేరు గదులున్నాయి, ఆ ఏర్పాటు నాకు నచ్చింది. వేరే గింజ కావాలంటే మిగిలింది ఫైర్‌ఫాక్స్. ఐఫోన్ ఉన్నవాళ్ళకి ఈ వెతుకులాట అక్కర్లేదు. మన దేశంలో దానిమీద ఏ బ్రౌజరు వేసినా లోపల పనిచేసేది ఆపిల్ వారి వెబ్‌కిట్టే. ఇక ఒకే బ్రౌజరుని నమ్ముకుంటే ఏమవుతుందో యూసీ వాడినవాళ్ళకి తెలుసు. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 చైనా యాప్‌లని నిషేధించినప్పుడు అదీ పోయింది.

సర్కారు పనుల బ్రౌజరులో వెతుకులాట నిషేధం. భూమి రికార్డుల సైటు మీభూమి కావాలంటే మీభూమి అని వెతకొద్దు. చిరునామా మొత్తం, మీభూమి డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని అక్షరం అక్షరం కొట్టండి. అదే పేరు పెట్టుకుని చివర గవ్ డాట్ ఇన్ లేని పేజీలు వెతికితే ముందు కనపడొచ్చు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కూడా ఎప్పుడూ వెతకొద్దు, పాసుబుక్కు మీద ఉన్న నంబరుకే చేయండి. పాస్‌వర్డు దాచిపెట్టనా అని బ్రౌజరు అడిగితే వద్దనండి. ఒక నోటుబుక్కులో మీ చేత్తో రాసి, పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడ పెడతారో అక్కడ పెట్టండి. ఇంత జాగ్రత్తగా పాసుపుస్తకాన్ని కాపాడుకున్నవాళ్ళు ఆ నోటుబుక్కునీ కాపాడుకోగలరు.

పత్తి రైతులకి ఇంకోటి. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు కావాలి, అమ్మబోయే తేదీని ముందే ఖాయం చేసుకోవాలి. ఆ యాప్‌ని ప్లే స్టోరులోంచే తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి బ్రౌజరుతో దించుకోవద్దు. పీఎం కిసాన్ పేరుతో తిరిగే ఏపీకే ఫైళ్ళ గురించి పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆండ్రాయిడ్‌లో, బయటి యాప్‌లు ఎక్కించే అనుమతి ఒక్కో బ్రౌజరుకి విడిగా ఉంటుంది. పాత బ్రౌజరుకి ఎప్పుడో ఎవరో ఇచ్చేసి ఉంటారు. కొత్తగా వేసినదానికి ఆ అనుమతి ఉండదు, ఫైలు ఎక్కించబోతే ఆపి అడుగుతుంది. అలవాటైనదాన్ని పక్కన పెట్టమని మొదట్లో అన్నది ఇందుకు కూడా.

ఇంత చేసినా డబ్బు పోతే, సిగ్గుపడి ఇంట్లో దాచకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, తేదీ, టైము, మీరు తెరిచిన పేజీ చిరునామా దగ్గర పెట్టుకోండి. చిరునామా గుర్తుండదు, పేరు ఒకటీ అరా అక్షరం తేడాతో ఉంటుంది. చిట్టా తెరిచి, ఆ రోజు కిందికి వెళ్ళి, ఆ పేజీ ఏదో చూడండి. ఆ పేజీని మళ్ళీ తెరవకుండా చిరునామా మాత్రం కాపీ చేసి, ఫిర్యాదులో ఉన్నదున్నట్టు అతికించండి.