ఏకపంక్తి మౌస్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

10 ప్లాట్ ఇన్ 64479, ఇన్ 65503 : గో టు 10

అవతారిక

1982లో బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ విడుదల చేసిన జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే గృహ కంప్యూటర్ వంశానికి చెందిన యంత్రాన్నే 1980లలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ మన దేశంలో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అనే పేరుతో అమ్మింది. మౌస్ లేకుండానే పుట్టిన ఆ యంత్రానికి కెంప్‌స్టన్ మౌస్‌ను తగిలించి, తెర మీద చుక్క కదిలితే చాలునని తొందరపడేవారి కోసం బేసిక్ భాషలో పుట్టినదీ సూత్రం. మెదక్ సీమలోని కొల్చారానికి చెందిన కావ్య వ్యాఖ్యాత మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని పెట్టుకున్న కట్టుబాటునే ఈ టీకయు పాటించును.

ప్రతిపదార్థం

10 = పంక్తి సంఖ్య; ప్లాట్ = చుక్క పెట్టుము; ఇన్ = పోర్టు నుండి, అనగా బయటి పరికరము తన లెక్కను ప్రాసెసర్‌కు అప్పగించు ద్వారము నుండి, చదువుము; 64479 = అడ్డు కదలికల ద్వారము; 65503 = నిలువు కదలికల ద్వారము; గో టు 10 = మరల మొదటికి పొమ్ము, అనగా బ్రేక్ నొక్కువరకు విశ్రాంతి లేదని భావము.

విశేషం

మూలంలో మౌస్ పేరు లేకున్నా, పోర్టు సంఖ్యలను బట్టి అది కెంప్‌స్టన్ మౌసేనని తేలుతున్నది. దీని కడుపులోని బంతి దొర్లినప్పుడు పుట్టే స్పందనలను ఇంటర్‌ఫేస్, అనగా మౌస్‌ను యంత్రానికి కలిపే పరికరం, తానే లెక్కపెట్టి ఉంచగా, మరో రకమైన ఏఎంఎక్స్ మౌస్ కదిలినప్పుడల్లా ప్రాసెసర్ చేతిలోని పనిని ఆపించి, అనగా ఇంటరప్ట్ చేసి, లెక్క చేయిస్తుంది గనుక, బేసిక్‌లో రాసేవారికి మొదటిదే మేలు. తరువాతి కాలపు పీఎస్/2 మౌస్ స్పందనలకు బదులు బైట్ల వరుసను పంపుతుంది కాబట్టి, నడుమ అడాప్టర్ లేనిదే ఇక్కడ చెల్లదు.

ఆక్షేపం

లెక్క 0 నుండి 255 దాకా నడుస్తుంది, తెర వెడల్పూ 256 చుక్కలే గనుక సూత్రం నిర్దోషమని కొందరందురు. అది పొసగదు. ప్లాట్‌కు నిలువున 0 నుండి 175 వరకే చోటున్నందున, లెక్క 176కు చేరగానే యంత్రం ‘ఇంటీజర్ అవుట్ ఆఫ్ రేంజ్’ అని ఆగిపోతుంది. 175 దాటినదాన్ని 175గానే పట్టుకుందామంటే, లెక్క 175 పైన ఉన్నంతసేపు మౌస్‌ను ఎంత జరిపినా చుక్క నిలువున ఉన్నచోటనే ఉంటుంది.

సిద్ధాంతం

మౌస్ చెప్పేది నడిచిన దూరమే గాని ఉన్న చోటు కాదు. రైలు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో తెలిసినా, బయలుదేరింది కాజీపేట నుండో జనగామ నుండో తెలియనివాడు స్టేషన్ ఘన్‌పూర్ వచ్చిందో లేదో చెప్పలేడు గదా! కావున కొత్త లెక్క నుండి పాత లెక్కను తీసివేసి, ఆ తేడాను చుక్క స్థానానికి కలిపి, అంచు దాటకుండా కట్టడి చేయవలెను. లెక్క 255 తరువాత మళ్ళీ 0కు తిరుగుతుంది గనుక, 250 నుండి 4కు వచ్చినప్పుడు తేడా మైనస్ 246 అని భ్రమపడక, 256 కలిపి 10గా గ్రహించవలెను. తేడా 127 దాటితే 256 తీసివేయుట దీనికి జంట నియమం.

ఫలశ్రుతి

పాత లెక్కను గుర్తుంచుకొన్నవారి చుక్క తెర దాటదు. మూలమే చాలునన్నవారికి తెర అడుగున దోష సందేశ దర్శనము కలుగును. బటన్ల ద్వారమైన 64223, నొక్కిన బటన్ బిట్టు 0 అగుట అనునవి మూలంలో లేవు గనుక, మల్లినాథుని కట్టుబాటు ననుసరించి వాటిని గూర్చి ఇక్కడ ఏమియు చెప్పలేదు.