బాలింతకు చెప్పకూడని సలహాలు

‘పచ్చి బాలింతవి, సెల్లు చూడకు, కళ్ళు పోతాయి.’ పురిటి మంచం మీద ఈ మాట వినని అమ్మాయి అరుదు. చెప్పేవాళ్ళ ప్రేమను శంకించను. కానీ ఫోను వెలుగుకు చూపు పోతుందనడానికి ఆధారం లేదు, బాలింతకైనా మరెవరికైనా. జరిగేది వేరు. నిమిషానికి 15 సార్ల దాకా పడే రెప్ప, ఫోను చూస్తున్నంతసేపూ అందులో సగం కూడా పడదు. కంటి తడి ఆరి మంట, ఇసుక పడ్డట్టు గరగర. నిద్రలేమితో అది ఇంకా పెరుగుతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్న దేన్నయినా 20 సెకన్లు చూడండి, రెప్పలు ఆర్పుతూ ఉండండి. రాత్రిపూట ఫోను పక్కన పెట్టమనడానికి సరైన కారణం నిద్ర. బిడ్డ పడుకున్నప్పుడే తల్లికీ కాస్త కునుకు దొరికేది.

‘వెంటనే కళ్ళజోడు మార్పించు’ అనడమూ తొందరపాటే. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరి కార్నియా (కంటి ముందుపొర) మందం కాస్త మారుతుంది, దాంతో చూపులో చిన్న తేడా అనిపించవచ్చు. కాన్పయ్యాక కొన్ని వారాలకో నెలలకో అదే సర్దుకుంటుంది.

ఆముదం, చనుబాలు, కాటుక: తల్లి కంట్లో గానీ బిడ్డ కంట్లో గానీ ఏదీ వేయకండి. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. పసిబిడ్డ కళ్ళు ఎర్రబడి పుసి కడితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

నాకు కోపం తెప్పించే సలహా ఇంకొకటుంది. ‘ఆ మసక సెల్లు వల్లే, రెండు రోజులు మానెయ్, తగ్గిపోతుంది.’ ఈ మాట ప్రాణం తీయగలదు, ఎందుకంటే ఆ మసక బీపీ పెరగడం వల్ల కావచ్చు. కాన్పుతో బీపీ గండం గడిచిపోయినట్టు కాదు. తర్వాత 6 వారాల్లోపు, ముఖ్యంగా మొదటి వారంలో, అది ఉన్నట్టుండి పెరగొచ్చు. కడుపుతో ఉన్నన్నాళ్ళూ బీపీ మామూలుగా ఉన్నవాళ్ళకీ ఇలా జరగొచ్చు. చూపు మసకబారడం, కళ్ళముందు మెరుపులు, తగ్గని తలనొప్పి, పొట్ట పైభాగాన నొప్పి, ఆయాసం దాని గుర్తులు. పట్టించుకోకపోతే ఫిట్స్ దాకా వెళుతుంది.

అమ్మలూ, అత్తలూ, బాలింత కళ్ళు మసకగా ఉన్నాయంటే ఫోను మీద తగువు తర్వాత, ముందు బీపీ చూపించండి. 140/90 గానీ అంతకుమించి గానీ ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మసకతో పాటు తీవ్రమైన తలనొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.